ఆవాల చప్పుడు

ఇంజన్ మేస్త్రిని తిట్టాలంటే ఆయన చెల్లెలి దగ్గర సరుకుకు కొదవ లేదు. వేళకు తిండి తినడు. ఉతికి ఆరేసిన తువ్వాలు కనబడితే చాలు, దాంతో స్పానర్లు తుడుస్తాడు. స్నానాల గది తలుపు గడి మీద ఎప్పుడు చూసినా ఆయన వేళ్ళ గ్రీజు మరకే. కానీ రేసుల ట్రాక్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నోట తిట్టు ఉండదు. అక్కడ తన కూతురి ప్రాణం అన్నగారి చెవుల మీద ఆధారపడి ఉందని ఆవిడ నమ్మకం.

కూతురు రేసుకార్లు నడుపుతుంది. ఆ పిల్ల మొదటిసారి ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు తల్లి ఇల్లెగిరిపోయేలా అరిచింది, తర్వాత అలిగింది, ఆ తర్వాత మాటలు మానేసింది. భర్తది ఊళ్ళు పట్టుకు తిరిగే ఉద్యోగం. ఆయన ఫోన్లో "నీ ఇష్టం, నీ కూతురిష్టం" అని చల్లగా తప్పుకున్నాడు. మేడ మీద గదిలో ఉండే అన్నగారే మధ్యవర్తిగా అటూ ఇటూ తిరిగితే చివరికి ఆవిడ మెత్తబడి ఒక్క షరతు పెట్టింది. రేసుకు ముందు అన్నయ్య ఇంజన్ విని, బాగుందని తన నోటితో చెప్పాలి. చెబితేనే బండి షెడ్డు దాటాలి. అప్పటిదాకా కూతురి హెల్మెట్ తన చేతుల్లోనే ఉంటుంది.

అప్పట్నుంచీ ప్రతి రేసుకూ అదే తంతు. షెడ్డులో రోలర్ల మీదికి ఎక్కించిన బండిలో మేనకోడలు కూర్చుని ఇంజన్‌ను రేపుతుంది. మేస్త్రి బానెట్ మీదికి వంగి, కళ్ళు మూసుకుని, తల కాస్త వాల్చి వింటాడు. ఆ కాసేపు అక్కడ ఎవరూ దగ్గరు, తుమ్మరు. తర్వాత ఆయన కళ్ళు తెరిచి చెల్లెలి వైపు తిరిగి "బాగుంది" అంటాడు. ఆవిడ హెల్మెట్ అందిస్తుంది. పక్క షెడ్ల వాళ్ళు "దీవెనలు అయ్యాయా?" అని ఆటపట్టించేవాళ్ళు.

ఆ చెవులకు పేరు ఊరికే రాలేదు. సిలిండర్లో పెట్రోలు అంటుకునే క్షణాన్ని ఎంత ముందుకు జరిపితే బండికి అంత దూకుడు. మరీ జరిపితే మాత్రం అది అదుపు తప్పి పేలుతుంది. పిస్టన్‌కు చిల్లు పడి, పరుగులో ఉన్న ఇంజన్ ఉన్నపళాన బిగుసుకుని పట్టేస్తుంది. ఆ హద్దు దాటుతున్నప్పుడు హోరు అడుగున సన్నటి చప్పుడు ఒకటి పుడుతుంది. డబ్బాలో గుప్పెడు ఆవాలు పోసి ఆడించినట్టుంటుంది కాబట్టి షెడ్లలో అందరూ దాన్ని ఆవాలనే అంటారు. ఆవాలు రాలేదాకా ఆ క్షణాన్ని, అంటే టైమింగ్‌ను ముందుకు జరుపుతూ పోవడం, రాలిన మరుక్షణం వెంట్రుకవాసి వెనక్కి తేవడం, ఇదీ మేస్త్రి పద్ధతి. మిగతావాళ్ళకు ఆ సన్న చప్పుడు అంత తొందరగా పట్టుబడదు. వాళ్ళు ప్లగ్గులు విప్పి, పిస్టన్ నుంచి ఊడిన మెరిసే నలకలేమైనా వాటి కొసల మీద అంటుకున్నాయా అని భూతద్దంతో చూసుకుంటారు. "ప్లగ్గు విప్పాడంటే వాడికి చెవి లేనట్టే లెక్క" అని మేస్త్రి పదిమందిలో వెక్కిరించేవాడు. ఆ మాట ముందుగా అన్నది పక్క షెడ్డు బక్క మేస్త్రిని. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఇక ఆ హోరంటే ఆయనకున్న పిచ్చి సంగతి చెప్పాలి. ఆయన పుట్టి పెరిగింది ట్రాక్ వెనక సందులో, రేకుల షెడ్లూ టైర్ల కొట్లూ ఉన్న చోట. రేసు రోజున కిటికీ అద్దాలు గజగజలాడుతుంటే చుట్టుపక్కల పిల్లలంతా ఏడుపు లంకించుకునేవాళ్ళట. ఈయన మాత్రం గచ్చు మీద బోర్లా పడుకుని, పొట్ట నేలకు ఆనించి కిలకిలా నవ్వేవాడట. గడ్డం నెరిసినా ఆ మనిషిలో మార్పు లేదు. "చూడ్డానికి ఏముందండీ? రివ్వున వస్తుంది, రివ్వున పోతుంది. జనం వచ్చేది వినడానికి. అది ముందు పొట్టలో పడుతుంది, తర్వాత గుండెల్లో. చెవిదాకా వచ్చేసరికి మనిషి మన లోకంలో ఉండడు" అనేవాడు. బ్యాటరీ కార్ల రేసు ఒకటి చూసొచ్చి, మిక్సీలు పరిగెత్తినట్టుందని వారం రోజులు కనబడినవాళ్ళందరి దగ్గరా ఏడ్చాడు.

ఆ పిచ్చికి తోడు పట్టుదల ఒకటి. చెవుల్లో దూది పెట్టుకున్నవాణ్ణి ఆ షెడ్లలో చంటిపిల్లల కింద జమకట్టేవాళ్ళు. మేస్త్రి ఎన్నడూ పెట్టుకోలేదు. మేనకోడలికి మాత్రం రబ్బరు బిరడాలు తనే తెచ్చి, అవి లేకుండా బండెక్కితే కాళ్ళిరగ్గొడతానన్నాడు. "మరి నీకో మావయ్యా?" అని ఆ పిల్ల అడిగితే, "నువ్వు నడిపేదానివి, నేను వినేవాణ్ణి. నేనూ మూసుకుంటే ఎలాగే?" అని నవ్వేశాడు. జీవితమంతా అలా బార్లా తెరిచిపెట్టిన చెవులు ఎంతకాలం నిలుస్తాయన్న ఆలోచన ఆయనకు రాలేదు.

వేసవికి ముందు ఒకరోజు టైర్ల కొట్టు దగ్గర నిలబడి ఉండగా, వెనక నుంచి రివర్సులో వచ్చిన లారీ ఆయన భుజాన్ని రాసుకుంటూ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "కీచుకీచుమని అంత గట్టిగా మోగుతుంటే కదలవేంటయ్యా, చెవుడా?" అని కేకలేశాడు. మేస్త్రికి లారీ ఇంజన్ గుర్రుమనడం తెలుస్తోంది. ఆ సందులో అది ఎప్పుడూ ఉండేదే కాబట్టి పట్టించుకోలేదు. కీచుమన్నది మాత్రం ఆయన చెవిన పడలేదు. లారీ మళ్ళీ వెనక్కి జరుగుతుంటే అక్కడే నిలబడి చెవులు రిక్కించాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆ చప్పుడుకు మొహాలు చిట్లిస్తున్నారు. ఆయనకు ఏమీ వినబడడం లేదు.

ఎవరికీ తెలియకుండా ఊరి అవతలి కొసన ఉన్న డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు అద్దాల గదిలో కూర్చోబెట్టి, ఏవేవో వినిపించి, ఉన్న సంగతి చెప్పేశాడు. లావు చప్పుళ్ళు ఇంకా వినబడతాయి, సన్నవి పోయాయి, పోయినవి తిరిగి రావు. "ఆవాలు కూడానా?" అని మేస్త్రి అడిగాడు. డాక్టరుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు.

చెల్లెలితో చెప్పేయాలని ఆ సాయంత్రమే అనుకున్నాడు. నోరు తెరిచేలోపు మేనకోడలు గదిలోకి దూకుడుగా వచ్చి, ఈ ఏడాది ఆఖరి రేసు గెలిస్తే పెద్ద జట్టులో చోటు ఇస్తామన్నారని తల్లిని పట్టుకుని గిరగిరా తిప్పింది. ఇప్పుడు నిజం చెబితే షరతు చెదిరిపోతుంది, హెల్మెట్ తల్లి చేతుల్లోనే ఉండిపోతుంది. మేనకోడలి కోసమే దాచుతున్నానని మేస్త్రి తనకు తాను చెప్పుకున్నాడు. ఇక్కడ ఆయన్ని వెనకేసుకు రావడం నా వల్ల కాదు. అందులో సగమే నిజం. చెవి పోయిన మేస్త్రికి ఆ షెడ్డులో పనేముంది? రేపటి నుంచి ఆ హోరు పక్కన నిలబడే హక్కు ఏముంది? ఆయన భయమంతా అదీ.

ఆ తర్వాత వచ్చిన రేసులకు పాత లెక్క పట్టుకుని నెట్టుకొచ్చాడు. చెవులు బాగున్నప్పుడు టైమింగ్ ఏ గీత దగ్గర ఆపాడో గుర్తుంది, అక్కడే పెట్టి, కళ్ళు మూసుకుని విన్నట్టు నటించి "బాగుంది" అనేవాడు. ప్లగ్గు విప్పి చూసుకుంటే సరిపోయేది. కానీ షెడ్ల మధ్య గోడలు నడుం ఎత్తే. ఆయన చేతిలో భూతద్దం చూస్తే బక్క మేస్త్రి ట్రాక్ అంతా చాటింపు వేసినట్టే.

ఆఖరి రేసు రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. వేడి పెరిగే కొద్దీ ఆవాలు తొందరగా రాలతాయి, ఆ సంగతి మేస్త్రికి కొత్త కాదు. అయినా పొద్దున బండిని రోలర్ల మీద పరిగెత్తిస్తున్నప్పుడు, పెద్ద జట్టు వాళ్ళు చూస్తారు కదా అని టైమింగ్ ఒక గీత ముందుకు జరిపాడు. హోరు చిక్కబడింది. ఇంకొంచెం జరిపాడు. చాలా కాలం తర్వాత ఆ చప్పుడు ఆయన పొట్టలోకి అచ్చంగా పాత రోజుల్లోలాగా దిగింది, చేతుల మీద రోమాలు లేచాయి. వెనక్కి తేవాలి. తేవాలని తెలుసు. ఇంత బ్రహ్మాండంగా మోగుతున్నదాంట్లో తప్పేముంటుందని చెయ్యి ఆగిపోయింది.

"ఏం అన్నయ్యా?" అంది చెల్లెలు, హెల్మెట్ పట్టుకుని.

"బాగుంది" అన్నాడు.

జెండా ఊపగానే మేనకోడలి బండి వింటి నుంచి వదిలిన బాణంలా వెళ్ళింది. ఎక్కడో మధ్యలో మొదలైనది కొద్ది చుట్లలోనే అందర్నీ దాటుకుని ముందుకొచ్చింది. జనం లేచి నిలబడ్డారు. చెల్లెలు చేతిలో స్టాప్‌వాచ్‌తో అడ్డగోడ దగ్గర చిన్నపిల్లలా ఎగురుతోంది. "చుట్టు చుట్టుకీ వేగం పెంచుతోంది చూశావా? నీ చేతి చలవే అన్నయ్యా!" అంది. మేస్త్రి నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

ఆయన చూపు ట్రాక్ అవతల, కాంక్రీటు గోడను ఆనుకుని తిరిగే మలుపు మీద ఉంది. అంతకుముందు ఒక ఏడాది ఒకతని ఇంజన్ అక్కడే పట్టేసింది. చక్రాలు బిగుసుకుని బండి నేరుగా గోడకు కొట్టుకుంది. ఆ మనిషి బతికాడు గానీ, ఇప్పటికీ కర్ర సాయం లేకుండా లేవలేడు. మేనకోడలు ఆ మలుపు దాటి వస్తున్న ప్రతిసారీ మేస్త్రి ఊపిరి వదులుతున్నాడు, మళ్ళీ బిగబడుతున్నాడు.

అప్పుడు ఆయన కంట పడ్డాడు బక్క మేస్త్రి. పక్క షెడ్డు ముందు నిలబడి, మేనకోడలి బండి యాక్సిలరేటర్ తొక్కుకుంటూ ముందు నుంచి పోగానే కుడి చెవి అటు తిప్పాడు. మొహం ముడుచుకుంది. తర్వాత మేస్త్రి వైపు వింతగా చూశాడు. మళ్ళీ చుట్టు తిరిగి వచ్చింది. మళ్ళీ అదే చెవి, అదే ముడత, అదే చూపు. ఆ మొహం మేస్త్రికి బాగా తెలుసు. ఆవాలు విన్నప్పుడు తను పెట్టే మొహం అదే.

నడుం ఎత్తు గోడ దూకి వెళ్ళి అతని భుజం పట్టుకున్నాడు.

"మా బండి ఏమంటోంది?"

"నన్నడుగుతావేంటి? నాకు చెవి లేదు కదా" అన్నాడు బక్క మేస్త్రి, ఇన్నేళ్ళ కడుపుమంట ఒక్కసారే కక్కుతూ.

"దెప్పడం తర్వాత. చెప్పవయ్యా!"

"నీకు తెలీకనా? తెలిసే పరిగెత్తిస్తున్నావు, ఏదో ఎత్తు వేశావనుకున్నా."

"నాకు వినపడదు" అన్నాడు మేస్త్రి.

సరిగ్గా అప్పుడే బళ్ళ గుంపు ఒకటి హోరెత్తుకుంటూ పోయింది. బక్క మేస్త్రి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏంటీ?" అన్నాడు. మేస్త్రి మళ్ళీ చెప్పాడు. "ఇటు పక్క చెప్పు, ఆ పక్కది నాకూ పోయింది!" అని అతను తల తిప్పాడు. ఇక లాభం లేదని మేస్త్రి గొంతు చించుకుని అరిచాడు.

"నాకు వినపడదు! సన్న చప్పుళ్ళేవీ వినపడవు! పొద్దున కూడా వినకుండానే బాగుందన్నాను!"

గుంపు అప్పటికే దాటిపోయింది. ఆ అరుపు రెండు షెడ్లలోనూ, ముందు వరసలో కూర్చున్న జనంలోనూ ప్రతి ఒక్కరికీ వినబడింది. చెల్లెలు స్టాప్‌వాచ్ నొక్కబోయి ఆగిపోయింది.

బక్క మేస్త్రి మొహంలో ఎగతాళి ఎగిరిపోయింది. "ఆవాలు కాదయ్యా, శనగలు రాలుతున్నాయి! పిల్లని లోపలికి పిలవండి ముందు!" అన్నాడు.

చెల్లెలు అన్నగారి వంక చూడలేదు. డ్రైవర్లకు సంకేతాలు చూపించే పలక ఎప్పుడూ ముట్టని మనిషి, దాన్ని లాక్కుని, 'లోపలికి' అన్న అక్షరాలు తగిలించి గోడ మీది నుంచి చాపింది. మేనకోడలు వచ్చింది, పలక చూసింది, తల అడ్డంగా ఊపింది. అందరికంటే ముందున్న పిల్ల ఎందుకాగుతుంది? అమ్మకు భయమేసి ఉంటుందనుకుంది. అలాగే దూసుకుపోయింది.

ఇంకో చుట్టు. ఇంకోసారి ఆ మలుపు.

బళ్ళు ట్రాక్ అవతలికి పోయేసరికి హోరు పలచబడింది. మేస్త్రికి ఏ బండి ఎక్కడుందో తెలియడం లేదు. ఒకప్పుడు కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాడు. "ఎక్కడుంది? చెల్లాయ్, ఎక్కడుంది?" అన్నాడు. పలక అంచును పట్టుకున్న ఆవిడ వేళ్ళు పాలిపోయి ఉన్నాయి. తన వల్లే ఆ పిల్లకేమైనా అయితే చెల్లెలి మొహం ఇంక చూడలేనని మేస్త్రికి అర్థమైంది. చూడలేకపోవడం కాదు, బతకలేడు.

"మలుపు దాటింది" అంది ఆవిడ, తనలో తాను చెప్పుకుంటున్నట్టు.

మేస్త్రి అడ్డగోడ ఎక్కేశాడు. ట్రాక్ మనుషులు ఈలలు వేస్తూ, దిగమని కేకలేస్తూ పరిగెత్తుకొస్తున్నారు. ఆయన ఏదీ లెక్కచేయకుండా రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. "ఆగమ్మా! ఆగు తల్లీ!" అని అరిచాడు. ఆ పిల్లకు మాట వినబడే దారి లేదు. కానీ మావయ్య ఏడుస్తున్న మొహం కనబడింది. ఆయన ఏడవడం ఆమె పుట్టినప్పట్నుంచి చూడలేదు. కాలు యాక్సిలరేటర్ మీది నుంచి తీసేసింది.

బండి నీలం పొగ వదులుకుంటూ షెడ్డులోకి జారి ఆగింది. ఆమె హెల్మెట్ లాగి పారేసింది.

"అందరికంటే ముందున్నాను! ఇంకాసేపుంటే అయిపోయేది! పొద్దున బాగుందన్నావుగా మావయ్యా?"

"వినలేదమ్మా. వినపడలేదు. అబద్ధం చెప్పాను."

ఆమె ఇంకేదో అనబోయి తల్లి మొహం చూసి ఆగింది. బక్క మేస్త్రి ఎవర్నీ అడక్కుండానే గుడ్డ చేతికి చుట్టుకుని ప్లగ్గు విప్పాడు. పింగాణీ మీద నిండా మెరుస్తున్న నలకలు. "పిస్టన్ ముక్కలమ్మా ఇవి. ఇంకో చుట్టు వచ్చేది కాదు" అని నెమ్మదిగా చెప్పి, ప్లగ్గు అక్కడ పెట్టి తన షెడ్డులోకి పోయాడు. ఆ పిల్ల ప్లగ్గు వైపు చూసింది, అవతలి కాంక్రీటు గోడ వైపు చూసింది, ఉన్నచోటనే టైరు మీద కూలబడింది.

చెల్లెలు తిడుతుందని మేస్త్రి ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"ఎప్పట్నుంచి?" అంది ఆవిడ.

"వేసవికి ముందు నుంచి."

ఆవిడ మనసులో ఆ రేసులన్నీ వరసగా తిరిగాయి కాబోలు. "అన్నిసార్లూ హెల్మెట్ నేనే ఇచ్చాను అన్నయ్యా. నా చేతులతో ఇచ్చి పంపించాను" అంది.

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. చెవులు పోయాయని తెలిసిన రోజు కూడా ఇంత నొప్పి తెలియలేదు. క్షమించమని అడిగే అర్హత తనకుందని అనిపించలేదు.

అంతలో రేసు ముగిసింది. గెలుపు గీత దాటుతూ బళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి షెడ్ల ముందు నుంచి ప్రాణం పెట్టి అరుచుకుంటూ పోయాయి. నేల అదిరింది, రేకులు దడదడలాడాయి. ఇంత జరిగాక కూడా మేస్త్రి పొట్టలో ఆ పాత సంతోషం లేచింది. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. చేతులు వెనక్కి దాచుకోబోయాడు గానీ చెల్లెలు చూడనే చూసింది.

ఆవిడ ఏదో అంది. మేస్త్రికి ఆ హోరులో పెదవులు కదలడమే కనబడింది, మాట రాలేదు. ఎప్పట్లాగా విన్నట్టు తల ఊపబోయి, ఊపకుండా ఆగాడు. "వినపడలేదు" అన్నాడు.

ఆవిడ కోపం ఏమీ తగ్గలేదు, కళ్ళు అలాగే ఎర్రగా ఉన్నాయి. అయినా దగ్గరికి వచ్చింది. ఆయన చొక్కా పట్టుకుని కిందికి లాగి, చెవికి నోరు ఆనించి గట్టిగా అరిచింది.

"ఇంటికి పోదాం పద అన్నయ్యా, అన్నాను."

ఆయన స్పానర్ల పెట్టె ఎత్తుకుని ఆవిడ వెనకాలే నడిచాడు.